ఏమీ ఇవ్వకూడని ఊరు

మా జీపు ఆగగానే ఆ పెద్దమ్మ రెండు అరచేతులూ చాపి చూపించేది. "ఏటీ రానేదు బాబూ, రాసుకో" అనేది, తన కాఫీ తోట విరగకాసినంత గర్వంగా.

తప్పు నాదే. ఉచితంగా పుస్తకాలిస్తే పిల్లలు ఇంకొన్నేళ్లు బడిలో ఉంటారా, రేపు కాస్త మంచి పనులు దొరుకుతాయా అన్నది మా ప్రొఫెసర్ గారి పరిశోధన. అరకు కొండల్లో సగం ఊళ్లకు పుస్తకాలిస్తాం, సగం ఊళ్లకు ఇవ్వం, తర్వాత పోల్చి చూస్తాం. చీటీ తీస్తే ఆమె ఊరికి "ఇవ్వం" అని వచ్చింది. ఆమె నొచ్చుకుంటుందేమోనని, "మీ ఊరు లేకపోతే మా పరిశోధనే లేదు పెద్దమ్మా" అన్నాను. ఆ మాట పట్టుకుని, బయటి పుస్తకం ఒక్కటీ రాకుండా ఆమె ఊరంతటికీ కాపలా కాసింది.

మూడో ఏడు ఒక సంతరోజు, అరకులో ఆగి ఉన్న మా జీపు దగ్గరికి నెత్తిన బస్తాతో వచ్చింది. దించి చూస్తే నిండా కొత్త పుస్తకాలు.

"క్రిస్మస్‌కి పాస్టరుగారు మా బడి గుంటలకి పంచేసినారు బాబూ. ఒక్కటీ తెరవనివ్వనేదు. మీ పరీక్ష పాడైపోద్దని బేగి ఎత్తుకొచ్చేసినాను."

ఆ పిల్లలకే తిరిగి ఇచ్చేద్దామని చెప్పడానికి ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను.

"ఒక్క పేజీ కూడా తెరవలేదా?" అన్నారాయన సంబరంగా. "చాలా మంచి ఊరయ్యా! బస్తా జీపులో పెట్టించు."

పెట్టించాను. జీపు కదులుతుంటే ఆమె ఖాళీ అరచేతులు రెండూ చాపింది.

"ఏటీ రానేదు బాబూ, రాసుకో."

రాసుకున్నాను.