నాలుగింటికి వచ్చే మనిషి కుర్చీ

అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు కొత్త బ్యాచ్ మొదలైనప్పుడల్లా నన్ను పిలుస్తారు. నాది బషీర్‌బాగ్‌లో గ్రూప్-2 ఉద్యోగం. ఆదివారం పొద్దున మైకు పట్టుకుని ఒక గంట మాట్లాడతాను. ముఖ్యమైనది ఒక్కటే పెట్టుకోండి, మిగతా అన్నిటికీ వద్దని చెప్పడం నేర్చుకోండి అంటాను. ఉదాహరణకు ఒక స్నేహితుడి సంగతి చెబుతాను. రోజూ నా సమయం తినేస్తున్న అతన్ని పరీక్షకు నెలన్నర ముందు దూరం పెట్టాననీ, అందుకే నాకు ఉద్యోగం వచ్చిందనీ, మనసు నిలపలేని అతనికి రాలేదనీ. పిల్లలు చప్పట్లు కొడతారు.

అది అబద్ధం. జరిగింది వేరు.

అప్పట్లో నేను చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునేవాణ్ణి. మా ఇల్లు నారాయణగూడలో, నడిచి వెళ్లేంత దూరం. అమ్మ వండి పెట్టేది. చదువు తప్ప వేరే పని లేదు. అతనిది పాలమూరు వైపు పల్లె. నాకంటే నాలుగేళ్లు పెద్ద. అంబర్‌పేట్ బస్తీలో తల్లితో కిరాయికి ఉండేవాడు. పొద్దున ఏడింటి నుంచి మూడింటి దాకా సెంట్రింగ్ పని, అంటే స్లాబు పోసే ముందు కింద కర్రలూ రేకులూ బిగించే పని. నాలుగింటికి లైబ్రరీకి వచ్చేవాడు. ఆ వేళకు అక్కడ కుర్చీ దొరకదు. అందుకని నేను పొద్దున వెళ్లగానే నా పక్క కుర్చీ మీద అతని తువ్వాలు పరిచి సాయంత్రం దాకా కాపలా కాసేవాణ్ణి.

మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది. ఎకనామిక్స్, జాగ్రఫీ అతను చదవాలి. పాలిటీ, చరిత్ర నేను. చదివింది రెండోవాడికి నోటితో చెప్పాలి. రోజూ ఆరింటికి, లైబ్రరీ మెట్ల మీద, ఒక గంట. ఈ పద్ధతి అతని కోసమే పెట్టుకున్నాం. పొద్దంతా ఎండలో పని చేసి వచ్చినవాడికి పుస్తకం తెరిస్తే కళ్లు మూతలు పడేవి. చెవిన పడింది మాత్రం ఒక్క ముక్క మరిచిపోయేవాడు కాదు.

"ముందు నాది అయిపోగొడుత తమ్మీ. నీ ఎకనామిక్స్ సూస్తే నాకే బుగులైతుంది" అన్నాడు.

నలభై రోజులు చెప్పాడు. నాకు ఎంతకీ తలకెక్కని ద్రవ్యోల్బణాన్ని ఒక్క మాటలో తేల్చేశాడు. "సిమెంటు బస్తా అదే. పైసలే సన్నగైనయ్."

అతని వంతు ముగిసిన రోజు ఇద్దరం ఒక ప్రాక్టీసు పేపరు రాశాం. పాలిటీ నేనింకా అతనికి చెప్పడం మొదలే పెట్టలేదు. అయినా ఆ పేపర్లో నాకంటే మూడు మార్కులే తక్కువ తెచ్చుకున్నాడు. ఇంటికి నడుస్తున్నంత సేపూ అదే ఆలోచన. నేను చెబితే వీడు నన్ను దాటిపోతాడు.

మర్నాడు రెండు చాయ్‌లు పట్టుకుని మెట్ల మీద నా కోసం కూర్చుని ఉన్నాడు.

"షురూ చెయ్ పంతులూ. ఇయ్యాల్టి సంది నీ రాజ్యం."

"నేను చెప్పలేనన్నా. పరీక్ష దగ్గరికొచ్చింది. ఇంక ఒక్కదాని మీదనే ఉండాలనుకుంటున్న. ఎవరి సదువు వాళ్లదే."

నవ్వాడు. "మజాక్ చేస్తున్నవా?"

"లేదు."

"ఇదొక్కటి పోతే నాకు మళ్ల రాసే వయసు లేదు తమ్మీ. నీకెర్కే గదా."

"ఎర్కనే."

"జర అర్ధగంట చెప్పు. నడుసుకుంటనే చెప్పు, మీ ఇంటి దాక నేనొస్త."

"నా ఫోకస్ పోతదన్నా."

"మరి నలభై రోజులు నా ఫోకస్ యాడికి పోయిందిరా?"

అతను తెచ్చిన చాయ్ తాగేసి, కప్పు పారేసి, ఇంటికి వచ్చేశాను.

మరుసటి పొద్దున లైబ్రరీలో అతని తువ్వాలు మడిచి కిటికీ గట్టు మీద పెట్టాను. ఎవరో వచ్చి "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. "ఎవరూ లేరు, కూర్చోండి" అన్నాను. నాలుగింటికి అతను వచ్చాడు. కుర్చీ వైపు చూశాడు, తువ్వాలు చూశాడు. పాలిటీ పుస్తకం తీసుకుని బీరువాకు ఆనుకుని నిలబడి చదవడం మొదలుపెట్టాడు. కాసేపటికి నిలబడే నిద్రపోయాడు. పుస్తకం జారి దబ్బున కింద పడింది. హాలంతా తిరిగి చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

పరీక్ష దాకా అలాగే గడిచింది. కొన్ని రోజులు అతనికి కుర్చీ దొరికేది, చాలా రోజులు దొరికేది కాదు. నేను మిగుల్చుకున్న ఆ గంటలో ఏం చదివానో కూడా చెప్పాలి. ఏమీ చదవలేదు. ఇంట్లో పడుకుని క్రికెట్ చూశాను.

పరీక్షలో ఎకనామిక్స్ ప్రశ్నలకు అతని గొంతు వింటూ జవాబులు పెట్టాను. నాకు ఉద్యోగం వచ్చింది. అతను కొద్ది మార్కుల తేడాతో ఆగిపోయాడు. పాలిటీలోనే పోయాయి.

ఫలితాలు వచ్చాక మా ఇంటికి వచ్చాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. నేను ఊరుకోవచ్చు కదా. "నీకు ఫోకస్ తక్కువైందన్నా. ఆ మూడు నెలలు పని బంద్ పెట్టాల్సింది" అన్నాను.

"బంద్ పెడితే ఇంట్ల పొయ్యి ఎవరు ముట్టిస్తరు, నువ్వా?" అన్నాడు. కాఫీ మొత్తం తాగాడు. లేచి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"ఒక్కటి అడుగుత. ఆ పొద్దు నా కుర్చీల కూసున్నాయన ఎవరు? మీ సుట్టమా?"

"కాదు. ఎవరో."

"దోస్తా?"

"తెల్వదన్నా, ఎవరో వచ్చి కూసున్నడు."

"మంచిది. నీకు కావల్సినోనికి ఇచ్చినవేమో అనుకొని ఇన్ని రోజులు ఊకున్న" అన్నాడు.

ఇప్పుడతను మేస్త్రీ. దోమలగూడలో ఒక అపార్ట్‌మెంటు కడుతుంటే చూశాను. అప్పటి నుంచి ఆఫీసుకు వేరే దారిలో వెళుతున్నాను.

ఇవన్నీ ఇప్పుడెందుకంటే, పోయిన ఆదివారం ప్రసంగం అయ్యాక పాత బ్యాచ్ అమ్మాయి ఒకామె నా దగ్గరికి వచ్చింది.

"సర్, మీరు చెప్పినట్టే చేసిన. మా రూమ్మేట్‌కు కోచింగ్ లేదు, రోజు డౌట్లు అడుగుతుండె. ఇంక నన్ను అడగొద్దని మొఖం మీదనే చెప్పేసిన."

"ఏమన్నది?"

"ఏడ్సింది సర్. ఆమెకిదే లాస్ట్ ఛాన్సట. నేనైతే పట్టించుకోలే."

మెచ్చుకోలు కోసం నిలబడింది. చుట్టూ పిల్లలు వింటున్నారు.

"గుడ్" అన్నాను.

సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టి ఆ అమ్మాయి కోసం కోచింగ్ సెంటర్‌కు వెళ్లాను. ఏ అమ్మాయి సర్ అన్నారు. పేరు అడగలేదని చెప్పాను. ఇక్కడ వందల మంది ఉంటారు, ఎవరని చెప్పాలి అన్నారు. సాయంత్రం దాకా గేటు దగ్గర నిలబడ్డాను. అందరి వీపుకూ అవే బ్యాగులు. ఆమె ముఖం నాకు గుర్తు లేదు.

వచ్చే నెల కొత్త బ్యాచ్‌కు మళ్లీ పిలిచారు. వస్తానన్నాను. ఈసారి మైకులో ఇక్కడ రాసిందే చదువుతాను. ఆ అమ్మాయి మాత్రం ఆ హాల్లో ఉండదు.