పందిరిగారు పంచిన పదవులు

ఖాళీగా కూర్చున్న మనిషి కంటబడితే చాలు, ఆయన చేతులు దురద పెట్టేవి. ఆ మనిషికి ఏదో ఒక పదవి కట్టబెడితే గాని ఆ దురద తగ్గేది కాదు.

ఆసుపత్రుల్లో రోగుల రికార్డులు చూసే ఉద్యోగులకు ఊళ్ళో ఒక సంఘం ఉండేది. జీతం లేదు, భత్యం లేదు. నెలకో ఆదివారం పెద్దాసుపత్రి శిక్షణ గదిలో కూడడం, పని తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు నేర్పడం, అంతే. దానికి ఈయన అధ్యక్షుడు. మామూలుగా ఏ సంఘంలోనైనా పదవులు తక్కువ, వాటికోసం కొట్టుకునేవాళ్ళు ఎక్కువ. ఇక్కడ పదవులే ఎక్కువై మనుషుల కోసం వెతుక్కోవలసి వచ్చేది. కార్యదర్శి, కోశాధికారి వరకు సరే. ఆ పైన ఫ్యాన్ల ఉపాధ్యక్షుడు, మైకు తీగల సంయుక్త కార్యదర్శి, కుర్చీల కన్వీనరు. కిటికీల కార్యదర్శికి కిటికీలు తెరిచే అధికారం మాత్రమే ఉంది. మూయడానికి వేరే ఆయన. ఒకసారి వాన జల్లు లోపలికి కొడుతుంటే, మూసే ఆయన ఇంకా రాలేదని సభ మొత్తం తడుస్తూ కూర్చుంది.

అందుకే వెనకాల అందరూ ఆయన్ని 'పదవుల పందిరి' అనేవాళ్ళు. ఎవరో ఒకరోజు ఎదురుగానే "పందిరిగారూ" అని నోరు జారారు. ఆయనకు కోపం రాలేదు. పేరు పెట్టినవాడెవడో ఆరా తీసి, వాణ్ణి పేర్ల కమిటీకి ఛైర్మన్ని చేశాడు.

ఆ పందిరి కింద ఒకరోజు ఓ కోడింగ్ అమ్మాయి చిక్కుకుంది. డాక్టర్లు రాసిన కాగితాలు చదివి, ఏ జబ్బుకు ఏ కోడో చూసి కంప్యూటర్లో ఎక్కించడం, పరీక్షల ఫలితాలు రికార్డుల్లో చేర్చడం ఆమె పని. నోట్లో నాలుక ఉందా అని అనుమానం వచ్చేంత నెమ్మదస్తురాలు. మొదటిసారి సభకు వచ్చి, మెల్లగా జారుకోవడానికి వీలుగా చివరి వరుసలో తలుపు పక్కన కూర్చుంది.

పందిరిగారు వేదిక మీది నుంచే కేక వేశాడు. "అమ్మాయ్, నీ తల మీద ఏముంది?"

ఆమె కంగారుగా జుట్టు తడుముకుంది. "ఏం లేదండీ!"

"గోడ గడియారం ఉంది. దాని కింద కూర్చున్నావు కాబట్టి ఇవాళ్టి నుంచి నువ్వు గడియారం కార్యదర్శివి. ఇదిగో గంట. ఎవరైనా పావుగంట దాటి మాట్లాడితే కొట్టెయ్."

"నేనా? పెద్దవాళ్ళు మాట్లాడుతుంటేనా?"

"ఎక్కువ మాట్లాడేది పెద్దవాళ్ళే కదమ్మా! చిన్నవాళ్ళకి గంటెందుకు?"

మొదటి గంట ఆయనకే కొట్టవలసి వచ్చింది. పావుగంట దాటినా ఉపన్యాసం ఆగలేదు. ఆమె చెమటలు కక్కుతూ వేలితో గంటను అలా తాకింది. దోమ రొద కూడా అంతకంటే పెద్దగా ఉంటుంది. ఆయన ఆగలేదు. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్కటి వేసింది. గది దద్దరిల్లింది. "రికార్డు అనేది రోగికి ప్రా..." అంటున్నవాడు అంటున్నట్టే కూలబడ్డాడు. అది ప్రాణమో, ప్రారబ్ధమో సంఘానికి ఇప్పటికీ తెలియదు.

ఆనాటి నుంచి అందరికీ ఆమె గడియారమ్మ అయింది. గంటతో పాటు గొంతూ పెరిగింది. ఆసుపత్రి డైరెక్టర్ల మాటను కూడా మధ్యలో టంగుమని తుంచేసేది. పైగా ఆ సంఘంలో ప్రతి పదవికీ ఒక తోక ఉండేది: ఎవరు ఏ పదవిలో ఉన్నా, కొత్తగా వచ్చిన ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని తనకు వచ్చిన పని నేర్పాలి. సర్జన్ల చేతిరాత చదవడం గడియారమ్మకు నేర్పింది ఫ్యాన్ల ఉపాధ్యక్షుడే. "ఇదిగో, చీమ సిరాలో పడి పారిపోయినట్టుందే, ఇది అపెండిక్స్. చీమ మధ్యలో చచ్చిపోతే హెర్నియా" అని చెప్పేవాడు.

కోశాధికారికి మాత్రం ఇదంతా నామోషీగా ఉండేది. "జనం నవ్వుతున్నారు సార్! ఈ పదవుల పిచ్చి ఆపండి" అని ప్రతి నెలా మొత్తుకునేవాడు.

"నవ్వనీవయ్యా. నవ్వుల శాఖ ఖాళీగానే ఉంది, నీకిమ్మంటావా?" అనేవాడు పందిరిగారు.

ఇలా ఉండగా గడియారమ్మ చేతుల మీదుగా పెద్ద పొరపాటే జరిగింది. ఆమె పనిచేసే ఆసుపత్రిలో ఒకే పేరున్న రోగులు ఇద్దరు ఒకే వార్డులో చేరారు. ఒకరి రక్తపరీక్ష ఫలితం రెండో వాళ్ళ రికార్డులో ఎక్కించేసింది. మందు రాయబోతున్న డాక్టరుకు ఎందుకో అనుమానం వచ్చి, మంచం దగ్గరికి వెళ్ళి చూశాడు కాబట్టి సరిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ సూపరింటెండెంటు అందరి ముందూ నిలబెట్టి, "ఆ డాక్టరు చూడకపోయుంటే ఏమయ్యేదో ఆలోచించావా?" అని అడిగాడు.

ఆమె అదే ఆలోచిస్తూ ఇంటికి వచ్చింది. సెలవు పెట్టి మంచం ఎక్కింది. ఇంట్లో అత్తగారు ప్రశ్నల పుట్ట. పగలంతా ఒంటరిగా ఉంటుంది. పాలవాడు వచ్చినా, మీటరు చూసేవాడు వచ్చినా వాళ్ళ మూడు తరాల సంగతులూ రాబట్టి గాని పంపదు. ఇప్పుడు కోడలు దొరికింది.

"అన్నం తిన్నావా? ఎందుకు తినలేదు? ఎంత తినలేదు?"

"నాకీ ఉద్యోగం వద్దత్తయ్యా. బట్టల కొట్లో బిల్లులు కొట్టుకుంటాను. అక్కడ చొక్కా మారిపోతే వెనక్కి తీసుకోవచ్చు. మనిషికి మందు మారిపోతే ఏం చెయ్యను?"

అత్తగారు అన్నం కలిపి తెచ్చి, ముద్దకో ప్రశ్న చొప్పున తినిపించింది.

సభ జరిగే ఆదివారం వచ్చింది. గడియారమ్మ దుప్పటి ముసుగు తీయలేదు. భోజనాల వేళ దాటాక తలుపు చప్పుడైంది. అత్తగారు తీసి చూస్తే, మెట్లనిండా జనం. వరుస కింద వీధి దాకా ఉంది.

"ఎవరు మీరు?"

"ఫ్యాన్ల ఉపాధ్యక్షుణ్ణండీ."

"మా ఫ్యాను బాగానే తిరుగుతోంది. మీరు?"

"కిటికీల కార్యదర్శినండీ."

"కిటికీలూ బాగానే ఉన్నాయి. ఇంతమంది మరమ్మతువాళ్ళని పిలిచిందెవరు?"

విషయం తేలేలోగా, ఎవరికి షుగరుందో, ఎవరి కొడుకు చదవట్లేదో, కోశాధికారి తన భార్యతో ఎందుకు మాట్లాడటం లేదో, అన్నీ గుమ్మంలోనే బయటపడ్డాయి. ఆ తరువాతే లోపలికి రానిచ్చింది.

పందిరిగారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏమ్మా, సభను అలా గాలికొదిలేస్తే ఎలా? ఇవాళ ఓ రిటైరైన డైరెక్టరుగారిని పిలిచాం. పొద్దున్నే తన బాల్యంతో మొదలుపెట్టాడు. భోజనాల వేళకి ఇంకా పెళ్ళి కూడా కాలేదు."

"ఎవరో ఒకరు గంట కొట్టొచ్చు కదా సార్!"

"ఎలా కొడతాం? మా పదవి కాదుగా!" అన్నాడు కోశాధికారి నీరసంగా. "కరెంటు పోయింది కాబట్టి బతికిపోయాం."

నవ్వు రాబోయి, దానికి బదులు ఏడుపొచ్చింది ఆమెకు. జరిగిందంతా చెప్పేసింది. ఇప్పుడు పందిరిగారు 'తప్పులు ఎవరైనా చేస్తారమ్మా, నేనూ చేశాను' అంటాడని ఎదురుచూసింది.

"నేనూ చేశానని చెబుదామని దారంతా అనుకుంటూ వచ్చాను," అన్నాడాయన తల గోక్కుంటూ. "ఎంత ఆలోచించినా అలాంటిది చేసినట్టు గుర్తు రావడం లేదు."

"మీరు ఓదార్చడానికొచ్చారా, ఏడిపించడానికొచ్చారా అన్నయ్యగారూ?" అంది అత్తగారు.

"అది చిన్న తప్పు కాదు చెల్లెమ్మా. చిన్నదని నేనంటే ఈ పిల్ల నమ్మదు కూడా." ఆమె వైపు తిరిగాడు. "రేపు నేనూ నీతో వస్తాను. అదెలా జరిగిందో, మళ్ళీ జరక్కుండా ఏం చెయ్యాలో మీ సూపరింటెండెంటుకి నువ్వే చెప్పు. వచ్చే సభలో మాకూ చెప్పు. ఒకే పేరున్న రోగులు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటారు."

"నవ్వుతారు సార్."

"నవ్వరమ్మా. భయపడతారు. భయపడితే జాగ్రత్తపడతారు."

ఆమె కళ్ళు తుడుచుకుని మెట్ల దాకా నిండిన జనాన్ని చూసింది. "నేనొక్కదాన్ని రాలేదని ఇంతమంది వచ్చారా?"

"మరి? నువ్వు ఉత్త సభ్యురాలివైతే చివరి వరుసలో ఒక కుర్చీ ఖాళీ, అంతే. ఎవరికి తెలుస్తుంది? పదవున్న మనిషి రాకపోతే పని ఆగిపోతుంది. పని ఆగితే ఈ మనిషేదీ అని అడుగుతారు." అత్తగారు తెచ్చిన టీలో బిస్కెట్టు ముంచి, అది విరిగి మునిగిపోకముందే నోట్లో వేసుకున్నాడు. "మన ఉద్యోగాలు అలాంటివి. రోగి ఇంటికెళ్ళాక డాక్టర్ని తలుచుకుంటాడు, నర్సుని తలుచుకుంటాడు. వెనక గదిలో మనమున్నట్టే తెలీదు. మనల్ని మనమైనా వెతుక్కోకపోతే ఎలా?"

ఫ్యాన్ల ఉపాధ్యక్షుడికి ఒక్కసారిగా ఏదో అర్థమైనట్టుంది. "అంటే... ఫ్యాన్ల మీద నాకు పట్టుందని కాదా సార్ పదవిచ్చింది?"

"నీ పట్టు సంగతి ఫ్యాన్లకి తెలుసులే" అన్నాడు కోశాధికారి. అని, ముక్కు చీదుకోవడానికి అటు తిరిగాడు.

లేవబోతూ పందిరిగారు అత్తగారి వైపు చూశాడు. ఆయన వేళ్ళు కదలడం గడియారమ్మ గమనించింది. అయిపోయింది అనుకుంది.

"చెల్లెమ్మా, మీరివాళ్టి నుంచి మా సంఘానికి గైర్హాజరు విచారణ కార్యదర్శి. ఎవరు రాకపోయినా ఫోన్ చేసి ఎందుకు రాలేదో కనుక్కోవాలి."

"ఆవిడది మన వృత్తి కాదు కదా సార్!" అన్నాడు కోశాధికారి.

"మనిషిని అడిగి వివరాలు రాబట్టడమేగా మన వృత్తి? నీ కాపురం సంగతి నాకు ఇన్నేళ్ళుగా తెలీదు. ఆవిడ గుమ్మంలోనే రాబట్టింది."

మర్నాడు గడియారమ్మ పందిరిగారిని వెంటబెట్టుకుని సూపరింటెండెంటు ముందుకు వెళ్ళింది. పేరొక్కటే చూసి ఏ ఫలితమూ ఎక్కించకూడదు, పుట్టిన తేదీ, నమోదు సంఖ్య రెండూ కలవాలి. ఒకే పేరున్నవాళ్ళ ఫైళ్ళకు ఎర్ర చీటీ అంటించాలి అని చెప్పింది. సూపరింటెండెంటు మొహం గంటుపెట్టుకునే విన్నాడు. వారం తిరగకముందే ఎర్ర చీటీలు తెప్పించాడు. తరువాతి సభలో అదే సంగతి చెబుతూ ఆమె పావుగంట ఎప్పుడో దాటేసింది. గంట ఆమె దగ్గరే ఉంది కాబట్టి ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. చెయ్యాలని కూడా ఎవరికీ అనిపించలేదు. చాలామంది రాసుకుంటున్నారు.

ఇక అత్తగారి హయాంలో సభకు డుమ్మా కొట్టాలంటే అందరికీ హడల్. రావడమే సుఖం. ఫోనెత్తితే "ఎందుకు రాలేదు? తలనొప్పా? ఏ వైపు?" అంటూ మొదలయ్యేది. ఆవిడకిప్పుడు పాలవాణ్ణి పలకరించడానికి కూడా తీరిక లేదు.

చలికాలంలో ఒక ఆదివారం పందిరిగారే రాలేదు. ఆవిడ ఫోన్ చేసింది. కాస్త జ్వరం, ఎవరికీ చెప్పొద్దన్నాడు. పది నిమిషాల్లో అందరికీ తెలిసిపోయింది. సభ ముగియగానే వ్యాను మాట్లాడుకుని బయలుదేరారు. ఆయనుండే రెండు గదుల వాటాలో పట్టక సగంమంది వరండాలో నిలబడ్డారు. చెవుల దాకా కప్పుకున్న రగ్గులోంచి ఆయన తల బయటపెట్టాడు.

"నేను లేకుండా సభ ఎలా జరిగింది?"

"బ్రహ్మాండంగా జరిగింది సార్," అంది గడియారమ్మ. "మీ ఉపన్యాసం లేదుగా, తొందరగా అయిపోయింది. అందుకే ఇలా రాగలిగాం."

ఆయన మొహం చిన్నబోయి, అంతలోనే వెలిగిపోయింది. "అయితే అన్నీ నేర్చేసుకున్నారన్నమాట!" అంటూ చుట్టూ చూశాడు. గుమ్మంలో వ్యాను డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఆ బాబెవరు? ఖాళీగా నిలబడ్డాడే..."

"ముందు ఈ మాత్ర మింగండి అన్నయ్యగారూ. పదవులు తర్వాత పంచుదురుగాని" అంది అత్తగారు.

ఆయన బుద్ధిగా నోరు తెరిచాడు. మాత్రైతే మింగాడు గాని, మంచినీళ్ళ గ్లాసు అందించిన పాపానికి ఆ డ్రైవరు రవాణా కార్యదర్శి అయిపోయాడు.