అల్లుడుగారి విందూ, నా వెన్న లెన్సూ

మా ఇంట్లో ఇప్పుడు ఫొటో అన్న మాట ఎవరూ ఎత్తడం లేదండి. ఎత్తితే మా ఆవిడ సత్యవతి చేతిలో ఉన్నది కింద పెట్టి నా వైపు ఓ చూపు చూస్తోంది. చేతిలో అట్లకాడ ఉంటే కింద కూడా పెట్టడం లేదు. ఆ చూపుకి కారణం నేనే, కాదనను. కాకపోతే టీ చల్లారేలోగా మొత్తం వినేసి, ఇందులో నా తప్పెంతో, ఆ లెన్సు తప్పెంతో మీరే తేల్చండి.

నాకీ ఫొటోల పిచ్చి మా అమ్మాయి లావణ్య పెళ్ళిలో అంటుకుంది. ఆ ఫొటోగ్రాఫరు పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ అద్దంలా తీసి, వెనకాల ఉన్న చుట్టాలందర్నీ పొగమంచులో కలిపేశాడు. ఆ పొగమంచులో నేనూ ఉన్నాను లెండి, భుజం మీద కండువాని బట్టి పోల్చుకోవాలి. అయినా నాకు తెగ నచ్చేసింది. ఫొటో అంటే ఇదీ అనుకున్నాను. ఓ రోజు ఎరువుల కొట్టు మూసేసి, పాలకొల్లులో బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి కెమెరాల షాపులో కూర్చున్నాను.

షాపతను మంచివాడే. ముందు మామూలు లెన్సు చూపించాడు.

"బాబాయ్‌గారూ, ఇది కెమెరాతో పాటే వస్తుందండి. దగ్గరివీ, దూరానివీ, గదినిండా మనుషులున్నా అందరూ పడతారు. ఇంట్లో వాడకానికి ఇది చాలండి."

"మరి పెళ్ళి ఫొటోల్లో వెనకాలంతా కరిగిపోతుందే, అది ఇందులో వస్తుందా?"

"అంత రాదండి. దానికి ఈ ఫిఫ్టీ ఎమ్మెమ్ లెన్సు తీసుకోవాలి. దీనికి జూమ్ ఉండదు, మనమే ముందుకీ వెనక్కీ నడవాలి. వెనకాల మాత్రం వెన్నలా కరిగిపోద్దండి."

వెన్న అన్నాక ఇంక మొదటిదాని వైపు నేను చూస్తే ఒట్టు. "ఇదొక్కటే అయితే ఇంట్లో ఇబ్బందండి, గదులు సరిపోవు" అని అతను చెప్తూనే ఉన్నాడు. "రోజూ కాలవ గట్టు మీద నడిచే మనిషినయ్యా, నాకు నడక ఓ లెక్కా" అన్నాను. అప్పుడతను లెన్సు మీద ఒకటి పాయింట్ ఎనిమిది అన్న అంకె చూపించి, ఈ అంకె ఎంత తగ్గిస్తే వెనకాల అంత కరుగుతుందని చెప్పాడు.

"అంటే షుగరు రిపోర్టులాగా, తక్కువుంటే మంచిదన్నమాట."

అతను నవ్వాడు. అవునన్నాడని నేను అనుకున్నాను. ఆ అంకెని ఆ రోజు అక్కడ పెట్టినవాణ్ణి మళ్ళీ కదపలేదు.

ఇంటికొచ్చి తీశానండి ఫొటోలు. మందార పువ్వు తీస్తే ఒక్క రేక మిగిలింది, చెట్టంతా కరిగింది. గేదెని తీస్తే కొమ్ము చివర వచ్చింది. మా ఆవిడని తీస్తే ముక్కుపుడక మెరిసిపోయింది, చెవులు ఎటుపోయాయో తెలీలేదు.

"ముక్కుపుడక మా నాన్న పెట్టిందేగా, నాకు తెలుసు. మొహం ఏదండీ?" అంది.

"అదే ఆర్టు" అన్నాను.

"మీ ఆర్టు గేదె మీద చూపించుకోండి" అంది.

ఇంతలో ఆషాఢం వెళ్ళింది. కొత్తల్లుడు ఆషాఢంలో అత్తారి గడప తొక్కకూడదు కదా, ఆ నెలంతా అమ్మాయి మా దగ్గరే ఉంది. శ్రావణం రాగానే తీసుకెళ్ళడానికి అల్లుడు కిరణ్‌గారు కాకినాడ నుంచి వస్తున్నారు. అల్లుడు మొదటిసారి భోజనానికి కూర్చుంటే మా వైపు ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. ఆకులో తినేది పిడికెడు, ఆకు ముందు పేర్చేది ఊరంత.

దానికి తోడు ఈసారి ఇంకో సంగతుంది. పెళ్ళిలో మా వియ్యపురాలు సుభద్రగారు అరిసె విరుచుకుంటూ, "ఈ రోజుల్లో ఇళ్ళల్లో ఎవరు వండుతున్నారండి వదినగారూ, అంతా ఆర్డరేగా" అన్నారు. ఆవిడ మామూలుగానే అన్నారు. సత్యవతి మామూలుగా వినలేదు. అప్పట్నుంచీ పప్పు రుబ్బుతున్నా, పిండి జల్లిస్తున్నా "ఆర్డరట, ఆర్డరు" అని గొణుక్కుంటూనే ఉంది. ఇప్పుడు విందు వచ్చింది కదా, ఇక చూస్కోండి. పొయ్యి మీద కుండ బోర్లించి పూతరేకులు తీసింది. వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న విద్య, రేకు తీస్తుంటే వేళ్ళు కాలిపోతాయి. పనసాకు బుట్టలు కుట్టి, వాటిలో ఇడ్లీ పిండి పోసి పొట్టిక్కలు పెట్టింది. బూరెలు, గారెలు, సున్నుండలు, పాలతాలికలు, కందా బచ్చలి, గుత్తొంకాయ, దప్పళం, నాలుగు రకాల పులిహోర. మొత్తం ఎన్ని రకాలో చెప్పను, దిష్టి.

తీరా చూస్తే సుభద్రగారికి మోకాళ్ళ నొప్పి, రాలేనన్నారు. "అన్నీ ఫొటో తీసి పెట్టండి వదినగారూ, చూసి ఆనందిస్తాం" అన్నారు ఫోన్లో. మా ఆవిడ ఫోన్ పెట్టేసి సరాసరి నా దగ్గరికి వచ్చింది.

"ఏమండీ, ఒక్క ఫొటో. అన్నీ కనపడాలి. ఒక్క గిన్నె కూడా తప్పిపోకూడదు. ఇల్లాలు వండిందని చూడగానే తెలియాలి."

"నా చేతిలో పెట్టావుగా, ఇంక మర్చిపో."

"మీ చేతిలో పెట్టాను కాబట్టే చెప్తున్నాను" అంది.

విందు రోజు హాల్లో ఓ చివర అల్లుడూ అమ్మాయీ పీటల మీద కూర్చున్నారు. వాళ్ళ ముందు అరిటాకులు. ఆకుల ముందు నుంచి వీధి గుమ్మం దాకా వరసలు వరసలుగా గిన్నెలు, పళ్ళేలు. నేను కెమెరా కంటికి పెట్టుకుని చూద్దును కదా, సగం కూడా పట్టలేదు. వెనక్కి జరిగాను, గోడ తగిలింది. అరుగు మీదికి వెళ్ళాను, గుమ్మం అడ్డొచ్చింది. కిటికీ ఊచల్లోంచి చూశాను, అల్లుడుగారు జైల్లో ఉన్నట్టున్నారు. షాపతను చెప్పిన గదులు సరిపోవన్న మాట అప్పుడు గుర్తొచ్చింది కానీ, ఆ సమయంలో ఒప్పుకుంటే పరువేముంది.

ఫ్యాను వేస్తే పూతరేకులు లేచిపోతున్నాయని దాన్ని ఆపించాను. కొత్త పట్టుపంచెలో అల్లుడుగారు చెమటతో తడిసిపోతున్నారు.

"మావయ్యగారూ, ఈలోగా ఒక్క గారె తినొచ్చాండి?"

"కాస్త ఓపిక పట్టండి అల్లుడుగారూ. ఒకటి తీశారంటే ఆ కుప్ప అందం పోతుంది."

అమ్మాయి మెల్లిగా ఫోన్ తీసింది. "నాన్నా, నేనొకటి తీసి ఉంచుతాను, ఎందుకైనా మంచిది."

"ఫోను దించమ్మా. ఇంత కెమెరా ఇంట్లో పెట్టుకుని ఫోన్‌తో తీస్తే మీ అత్తారు ఏమనుకుంటారు?"

దించేసింది పాపం. తండ్రి మాట.

అప్పుడు నాకో వీడియో గుర్తొచ్చింది. గొప్ప గొప్ప ఫొటోలన్నీ నేలకి ఆనుకుని తీస్తారని అందులో చెప్పాడు. అంతే, గుమ్మంలో బోర్లా పడుకున్నాను. నా పొట్ట సంగతి మీకు తెలుసు, ఊయల ఊగినట్టు అటూ ఇటూ ఊగి ఎలాగో నిలదొక్కుకున్నాను. ఆహా, వరసలన్నీ కింది నుంచి తిరణాలలా కనపడుతున్నాయి. ఒక్కటే లోపం, ముందు కాస్త జాగా బోసిగా ఉంది.

ఆ ముందురోజు కొట్టు నుంచి వస్తూ దారిలో ఓ పెట్టె తాపేశ్వరం కాజాలు కొని తెచ్చాను. "ఇంట్లో ఇన్ని చేస్తుంటే కొన్న కాజాలేంటండీ" అని మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీదికి గెంటేసింది. ఎర్ర పెట్టె, బంగారు అక్షరాలు, చూడ్డానికి నిండుగా ఉంటుంది. ఆవిడ నెయ్యి కాచడానికి వంటింట్లోకి వెళ్ళినప్పుడు లేచి, ఆ పెట్టె తెచ్చి ముందు పెట్టి, మళ్ళీ పడుకున్నాను. లేవడం, పడుకోవడం అని రెండు మాటల్లో అనేశాను గానీ, లేపడానికి అల్లుడుగారు ఆకు ముందు నుంచి లేచి రావాల్సొచ్చింది.

నొక్కాను. కెమెరా వెనకాల చిన్న తెర మీద చూశాను. కళ్ళద్దాలు జేబులో ఉన్నాయి, జేబు నా కింద ఉంది. అద్దాలు లేకపోయినా రంగులు కనపడుతున్నాయి కదా, కళకళలాడుతోంది. కెమెరాలోంచి ఫోన్లోకి, ఫోన్లోంచి వియ్యాలవారి వాట్సాప్ గ్రూపులోకి, పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే పంపేశాను.

"అయిపోయింది, కానివ్వండి" అన్నాను. అల్లుడుగారు గారెల కుప్పని అందంతో సహా నాశనం చేశారు. మిగిలినవి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు క్యారేజీల్లో పట్టుకెళ్ళారు. మధ్యాహ్నానికి గిన్నెలన్నీ బోర్లించేశాం.

అప్పుడు సుభద్రగారి ఫోను. మెచ్చుకోలు అందరం విందామని మా ఆవిడ స్పీకర్ పెట్టింది.

"వదినగారూ, కాజాలు బ్రహ్మాండంగా ఉన్నాయండి. పెట్టె మీద షాపు పేరూ, ఫోన్ నంబరూ కూడా ఎంత చక్కగా కనపడుతున్నాయో. వైజాగ్‌లో మా చెల్లెలు నంబరు రాసుకుంది కూడాను."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఫ్రిజ్ వైపు చూశాను.

"అవునూ, ఆ పెట్టె వెనకాల రంగురంగులుగా ఏదో ముగ్గు వేసినట్టున్నారు, అదేంటండీ?"

"ముగ్గు కాదండి వదినగారూ" అంది సత్యవతి. "భోజనం."

"ఓహో. మరి మావాడు ఎక్కడండీ?"

"ముగ్గుకి అవతల ఉన్నారండి."

కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. కాజాల పెట్టె మీద అక్షరం అక్షరం చదవొచ్చు. దాని వెనకాల పులిహోర పసుపు మరక, దప్పళం గోధుమరంగు మరక, పూతరేకులు తెల్లని మబ్బు. ఆ మబ్బు మీద తేలుతున్న రెండు గుండ్రాల్లో ఒకటి అల్లుడుగారు, ఒకటి అమ్మాయి. ఏది ఎవరో ఇప్పటికీ తేలలేదు.

ఆవిడ అరిచినా బాగుండేదండి. నెమ్మదిగా, కాలిన వేళ్ళ మీద వెన్న రాసుకుంటూ అంది.

"నేను వండినవన్నీ కరిగించేశారు. మీరు కొన్నదొక్కటి మిగిల్చారు."

నిజం చెప్పొద్దూ, ఆ వేళ్ళు చూశాక నాకు కాజా గొంతు దిగలేదు. అంతకుముందే రెండు తిన్నాను, అది వేరే సంగతి.

సాయంత్రం సుభద్రగారే మళ్ళీ ఫోన్ చేశారు. "ఫొటోలో ఏం తెలియలేదు వదినగారూ. అబ్బాయిని ఈసారికి ఒక్కణ్ణే పంపేయండి. ఆదివారం మేమంతా వచ్చి, కళ్ళారా చూసి, అమ్మాయిని తీసుకెళ్తాం." మరి మోకాళ్ళ నొప్పో అంటే, ఫొటో చూశాక తగ్గిందన్నారు.

అంటే మళ్ళీ మొత్తం వండాలి. కుండ బోర్లించాలి, బుట్టలు కుట్టాలి, పప్పు రుబ్బాలి. బస్సు దగ్గర దింపడానికి వెళ్తే అల్లుడుగారు నా చెవి దగ్గరకొచ్చి, "మావయ్యగారూ, ఆదివారం కూడా మీరే తియ్యండి. సరిగ్గా రాకపోతే ఇంకోసారి పెడతారు" అన్నారు. కుర్రాడు నెమ్మదస్తుడనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఆదివారానికి కెమెరా, లెన్సు, దాని సంచీ బీరువాలోకి వెళ్ళిపోయాయి. తాళంచెవి మా ఆవిడ బొడ్లోకి వెళ్ళిపోయింది. నన్ను వంటింటి వెనక గుమ్మంలో పీటేసి కూర్చోబెట్టి, ముందు ఓ కొబ్బరికాయల కుప్ప పోసింది.

"కోరండి. పిలిచేదాకా హాల్లోకి రాకండి."

పొయ్యి పక్కన ఉక్క. చొక్కా విప్పి బనీనుతో కూర్చున్నాను. చెమట కళ్ళల్లోకి రాకుండా తలకి తువ్వాలు చుట్టాను. కోరుతూనే ఉన్నాను. హాల్లో మాటలు వినపడుతున్నాయి. సుభద్రగారు పూతరేకు నోట్లో వేసుకున్నారు కాబోలు.

"వదినగారూ, ఇది ఆర్డరు కాదండి. చేతి విద్య" అన్నారు.

ఆ తర్వాత మా సత్యవతి గొంతులో వచ్చిన వినయం ఉంది చూశారూ, పెళ్ళయినప్పట్నుంచీ నేనెప్పుడూ వినలేదు. "ఏదోలెండి, మాకు వచ్చినంతలో." నా మీద కోపం కూడా ఆ పూటకి దిగినట్టే అనిపించింది. కోరిన కొబ్బరి కాస్త నోట్లో వేసుకున్నాను.

అమ్మాయి కుర్చీ ఎక్కి ఫోన్‌తో ఒకే ఒక్క ఫొటో తీసింది. అన్నీ పడ్డాయి. గారె చిల్లులతో సహా పడ్డాయి. అల్లుడుగారి మొహం కూడా పడింది, బాగున్నారు. సుభద్రగారే ముచ్చటపడి దాన్ని వాళ్ళ గ్రూపులో పెట్టారు, కింద "మొత్తం మా వదినగారే ఇంట్లో స్వయంగా చేశారు" అని కూడా రాశారు. మా ఆవిడ ఆ ముక్క చదువుకుని, మళ్ళీ చదువుకుని, పిలిచి నాకు కూడా చూపించింది. అంతలో కిందే వైజాగ్ చెల్లెలు గారి రిప్లై వచ్చి పడింది.

"వంటాయన బాగా చేసినట్టున్నాడే అక్కా. కాజాల నంబరు రాసుకున్నాను, ఈయన నంబరు కూడా పంపు."

ఏ వంటాయనా అని ఫొటో మళ్ళీ చూశాం. వరసలు, ఆకులు, అల్లుడు, సుభద్రగారు. వాళ్ళ భుజాల మధ్యలోంచి వంటింటి గుమ్మం. ఆ గుమ్మానికి అవతల వెనక గుమ్మం. అందులో బనీనుతో, తలపాగాతో, కొబ్బరి నములుతూ, అద్దంలా నేను.

మా ఆవిడ చేతిలో అప్పుడు అట్లకాడ ఉందండి.

వెనకాల ఉన్నవాణ్ణి వెన్నలా కరిగించేసే లెన్సు మా ఊరు మొత్తానికి నా ఒక్కడి దగ్గరే ఉంది. సరిగ్గా ఆ పూట అది బీరువాలో ఉంది.