సింహాచలమ్మ టీచరు తెరమీద కట్టిన బొమ్మలు

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌ రైల్వే కాలనీ బడిలో తెలుగు పిల్లలకి ఇరవై రెండేళ్ళు డ్రాయింగు చెప్పింది సింహాచలమ్మ. ఏటా ఒకసారి ఒక హాల్లో తాళ్ళు కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మలు వేలాడదీసేది. పిల్లలవే కాదు, వాళ్ళ అమ్మలవీ, నాన్నలవీ. ఎవరి బొమ్మ పక్కన ఎవరిది ఉండాలో తేల్చుకోడానికి ఆవిడకి మూడు రోజులు పట్టేది. తిండి మరిచిపోయి ఆ తాళ్ళ కింద అటూ ఇటూ తిరిగేది.

1998 వానలకి ఆ హాలు పైకప్పు ఒక పక్క కూలింది. ఆ యేడు ఇంక బొమ్మల్లేవనుకున్నారు అందరూ. అప్పుడు వచ్చింది లలిత. చిన్నప్పుడు ఆవిడ దగ్గరే పెన్సిలు పట్టిన పిల్ల, ఇప్పుడు ఇంజనీరింగు సంస్థలో కంప్యూటర్ల గది చూసుకుంటోంది.

"టీచర్‌గారూ, ఇంటర్నెట్‌లో పెడదాం. గోడ అక్కర్లేదు, తాడు అక్కర్లేదు. ఏ దేశంవాళ్ళయినా చూస్తారు."

"నాకు మిక్సీ తిప్పడమే బయ్యం. అదెలగొస్తాదే నాకు?"

"మౌసు పట్టడం నేను నేర్పుతాను. బొమ్మలు కట్టడం మీరు నాకు నేర్పండి."

ఆదివారం ఆదివారం సింహాచలమ్మ రిక్షాలో పూరీ గేట్ దాటి లలిత పనిచేసే కంప్యూటర్ల గదికి వెళ్ళేది. మొదట్లో తెరమీద బాణం ఆవిడ చేతికి చిక్కక ఎటో పోయేది. నెల తిరిగేసరికి మాట వింది. లలితకే ఆలస్యంగా వచ్చింది విద్య. ఆ యేడు వచ్చిన నూటపది బొమ్మలూ స్కాన్ చేసి, వరసగా పేర్చి, సంబరంగా చూపించింది.

"ఇది సంతలో కుప్ప పోసినట్టుందే," అంది టీచరు. "ఇరవై సాలు. మిగతావాళ్ళకి ఎందుకెట్టలేదో మనవే ఇళ్ళకెళ్ళి సెప్పాల."

ఇంకో చిక్కు వచ్చింది. ఆ రోజుల్లో బొమ్మ తెరమీద ఒక్కసారిగా కనపడేది కాదు. పైనుంచి సన్నటి చారలుగా దిగేది, ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు. అంతసేపు చూసేవాడు ఏం చేస్తాడు? సింహాచలమ్మ ఆలోచించి, ప్రతి బొమ్మకీ ముందు గీసినవాళ్ళ మాటలే రెండు ముక్కలు పెట్టించింది. లలిత వాటిని ఇంగ్లీషులో రాసింది.

మొదటి బొమ్మగా ఇద్దరూ దాలమ్మది అనుకున్నారు. దాలమ్మ బడి ఊడ్చే మనిషి. ఆమె భర్త తవిటయ్య రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ, ఆరేళ్ళ కిందట పోయాడు. ఆయన డ్యూటీ దిగి, చిరుగుల బనీనుతో గుమ్మంలో కాళ్ళు చాపుకు కూర్చున్నట్టు బొగ్గుతో గీసింది. టీచరు ఆమె ఇంటికి వెళ్ళి సంగతి చెప్పింది.

"అందరూ సూత్తారా టీచరమ్మా?"

"లోకమంతా సూత్తాది."

"అయితే వద్దమ్మా. మా మావ సొక్కా ఎయ్యకుండా కొళాయి కాడికి కూడా ఎల్లీవోడు కాదు. నాకాడ గాబట్టి అలగ కూకున్నాడు."

వారం తర్వాత ఇంకో బొమ్మ తెచ్చిచ్చింది. తవిటయ్య తెల్ల చొక్కా వేసుకుని, దువ్విన తలతో, నిటారుగా నిలబడి ఉన్నాడు.

"మొదటిదే బాగుంది కదా టీచర్‌గారూ," అంది లలిత. "ఇందులో మనిషి బిగుసుకుపోయాడు."

"నాకూ అదే నచ్చింది. కానీ ఎవుల్ని ఎలగ సూపించాలో ఆళ్ళ మనుషులు సెప్పాల. మనం కట్టీవోళ్ళమే."

చొక్కా బొమ్మే పెట్టారు.

డిసెంబరులో ఒక ఆదివారం బొమ్మలు గీసినవాళ్ళంతా ఇంటిల్లిపాదితో వచ్చారు. కంప్యూటర్ల ఏసీ గది బయట చెప్పులు గుట్టపడ్డాయి. లలిత మీట నొక్కింది. ముందు తవిటయ్య జుట్టు దిగింది, తర్వాత నుదురు, కళ్ళు. దాలమ్మ టీచరు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎంత నెమ్మదిగా వత్తన్నాడో సూడండి," అంది. "డ్యూటీ దిగి అలగే వచ్చీవోడు."

గదిలో ఎవరూ తొందరపడలేదు. మీసం, కాలరు, బొత్తాలు, అన్నీ దిగేదాకా నిలబడే ఉన్నారు.

రెండు నెలల్లో పదకొండు ఉత్తరాలు వచ్చాయి కంప్యూటర్‌కి. ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ తెల్ల చొక్కా ఆయన పేరు అడిగింది. దాలమ్మ చెప్పగా లలిత జవాబు కొట్టింది. "పేరు తవిటయ్య. మంచోడు."

మరుసటి యేడు సింహాచలమ్మ రిటైరై, అదే ఊళ్ళో ఝపటాపూర్‌లో చిన్న గది అద్దెకు తీసుకుంది. అక్కడ ఆరుగురు ఆడవాళ్ళకి బొమ్మలు ఎంచడం, పక్కపక్కన పేర్చడం నేర్పింది. అందులో దాలమ్మ ఒకతి. పేపర్లమీద తెరలాంటి గళ్ళు గీసి, వాటిలో బొమ్మలు మార్చి మార్చి పెట్టుకునేవారు.

రెండో ప్రదర్శనకి ఒక పిల్లాడి తల్లి అప్పలనర్సమ్మ దగ్గర్నుంచి ఆమె గీసిన బొమ్మ అడిగి తెమ్మని దాలమ్మని పంపింది టీచరు. మధ్యాహ్నం వెళ్ళిన మనిషి దీపాలు పెట్టేవేళకి ఉత్తచేతులతో తిరిగొచ్చింది.

"ఏటైనాది?"

"ఏ బొమ్మ ఇవ్వాలో ఆలోసించుకుంతాదట. టీ తాగి, కబుర్లు సెప్పుకుని వచ్చీసినాను. వచ్చే ఆదోరం మళ్ళీ ఎల్తాను."

"మంచి పని సేసినావు," అంది సింహాచలమ్మ. గళ్ళ కాగితంలో అప్పలనర్సమ్మ కోసం మూడో గడి ఖాళీగా ఉంచి, నాలుగో బొమ్మ చేతిలోకి తీసుకుంది.