ఓబులమ్మ చెప్పినట్టు రాయని ఉత్తరం

ఐదేళ్ళుగా ఒక ఉత్తరం నా గుండె మీద కూర్చుని ఉంది. ఎవరో రాసింది కాదు. నేనే రాశాను. గట్టిగా చూస్తే ఎనిమిది పంక్తులు కూడా ఉండవు. దాన్ని మోసుకుంటూనే వండుతున్నాను, ఆఫీసుకు వెళ్తున్నాను, పాపకు జడ వేస్తున్నాను. నాకు కడుపునొప్పి వస్తే డాక్టరు గ్యాస్ అంటాడు. నేను తలాడిస్తాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకైతే చెప్పడానికి నోరు రాదు. పక్క గదిలో ఆయన, పాప నిద్రపోతున్నారు. ఆయనకు కూడా ఈ సంగతి తెలియదు.

ఈ వారం ఆయన పాప కోసం రెండు స్కూళ్ళ ఫారాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. "చదువుకున్నదానివి, నువ్వే తేల్చు" అన్నారు. పెన్ను పట్టుకుని గంట కూర్చున్నాను. పేరు దగ్గరే ఆగిపోయాను. ఐదేళ్ళ క్రితం ఇంకొకరు అచ్చం ఇదే మాట అన్నారు నాతో. అప్పుడు మాత్రం పెన్ను ఆగలేదు. చాలా చురుగ్గా కదిలింది.

ఆమె పేరు ఓబులమ్మ. మా కడప జిల్లా మనిషే. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. భర్త చనిపోయాక పదేళ్ళ కూతురు నాగవేణిని తమ్ముడి దగ్గర వదిలి కువైట్ వచ్చింది. జహ్రాలో ఒక కువైటీ ఇంటి వీసా మీద వచ్చి, ఆ ఇంటి మామాకు, అంటే యజమానురాలికి, నెలనెలా కొంత ఇచ్చేట్టు ఒప్పుకుని బయట పని వెతుక్కుంది. అలా మా ఫ్లాటుకు వచ్చి, మాతోనే ఉంది. పాస్‌పోర్టు మాత్రం జహ్రాలో మామా బీరువాలోనే. పాపకు అప్పుడు తొమ్మిది నెలలు. ఓబులమ్మ వచ్చాకే నేను మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను. పెళ్ళయ్యాక నా మొదటి ఉద్యోగం. "పాపను చూసే మనిషి ఉన్నన్నాళ్ళూ చెయ్, లేనినాడు మానెయ్" అన్నారు ఆయన.

ఇక్కడ ఇళ్ళకు ఉత్తరాలు రావు. ఆఫీసుల పోస్టు పెట్టెలకే వస్తాయి. అందుకని ఓబులమ్మ ఉత్తరాలన్నీ మా ఆఫీసు పెట్టెకు, నా పేరు మీద వచ్చేవి. ఆమెకు చదవడం రాదు. నేనే చదివి వినిపించేదాన్ని. జవాబు కూడా నేనే రాసేదాన్ని. చివర్లో ఆమె బొటనవేలికి నా పెన్ను సిరా పులిమేదాన్ని. ఆమె కాగితం మీద గట్టిగా నొక్కి, "ఇంగ ఇది నేనే అని తెలుచ్చాది నా బిడ్డకు" అనేది. అంటే ఆ తల్లీకూతుళ్ళ మధ్య ఉన్న ఒకే ఒక్క దారి నా చెయ్యి. అది నాకు తెలుసు. తెలిసి, ఎంత గొప్పగా ఉండేదో నాకు!

తొంభయ్యో సంవత్సరం, జూన్ మొదట్లో నాగవేణి ఉత్తరం వచ్చింది. సర్కారు గురుకులం పరీక్షలో పాసయ్యాను, సీటు వచ్చింది అని. తెలివైన పిల్లల్ని ఏరుకుని ఉచితంగా చదివించే బడి అది. తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్ళే ఇస్తారు. జిల్లా మొత్తం మీద ఆ పిల్లే మొదట నిలిచింది. కానీ ఆ పిల్ల అప్పటికే కడపలో ఒక ప్రైవేటు కాన్వెంటులో చదువుతోంది. ఆ ఫీజు కోసమే ఓబులమ్మ ఇక్కడ గిన్నెలు తోముతోంది. "కాన్వెంటులో ఉండమంటావా, గురుకులంలో చేరమంటావా? నువ్వెట్లా చెబితే అట్లా చేస్తానని మామ అంటున్నాడు" అని రాసింది.

ఉత్తరం ఉన్నదున్నట్టే చదివాను. అంతవరకు అబద్ధం లేదు.

ఒక మాట మీకు చెప్పాలి. నా పదో ఏట నేను కూడా అదే పరీక్ష రాశాను. రాలేదు. మా నాన్న అప్పు చేసి నన్ను కాన్వెంటులో వేశారు. "ఆ సర్కారు హాస్టలు మనకెందుకమ్మా" అన్నారు. ఆ మాటనే పట్టుకుని ఇన్నేళ్ళు బతికాను. ఇప్పుడు మా ఇంట్లో బట్టలు ఉతికే మనిషి కూతురు అందులో మొదట నిలిచింది. నాకు సంతోషం కలిగిందా? కలిగినట్టు నటించాను. మిఠాయి కూడా తెప్పించాను.

"చదువుకున్నదానివి, నువ్వే తేల్చుమా" అంది ఓబులమ్మ.

కాన్వెంటే మంచిదన్నాను. ఇంగ్లీషు వస్తుందన్నాను. గురుకులం హాస్టల్లో పిల్లలకు గజ్జి పడుతుందన్నాను. నేనెప్పుడూ ఏ గురుకులం గడపా తొక్కలేదు. ఆమె అంతా విని, పాపకు అన్నం తినిపించి, మూతి తుడిచి, అప్పుడు నవ్వింది.

"గజ్జి పడితే మందు పూసుకుంటాది లేమా. నువ్వు కాన్వెంటులోనే గదా చదివినావు?"

"అవును."

"మరి ఇంత ఇంగ్లీసు నేర్చుకోని, ఆ మిర్కాబులో టకటకా టైపు కొట్టుకుంటా ఉండావు. నా బిడ్డ కలెక్టరయితాది. ఆయమ్మి కాగితాల మీద సంతకం పెడితే నీలాంటోళ్ళు టైపు కొడతారు." పగలబడి నవ్వింది. "యల్లా, పెన్ను తీయి. కాన్వెంటు ఖలాస్, ఫీజు ఖలాస్, ఈ కువైట్ ఖలాస్! మామాను పాస్‌పోర్టు అడుగుతా. జూలై ఆఖరుకు ఇంట్లో ఉంటా."

ఆమె తమాషాకే అంది. ఆమె నన్ను ఎప్పుడూ అలాగే ఏడిపించేది, నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు కూడా నవ్వాను. నవ్వుతూనే పెన్ను తీశాను.

ఆమె ఐదారు మాటలు చెప్పింది. అవి ఇప్పుడు రాయలేను. చివర్లో రాస్తాను. రాయడానికే ఇక్కడ కూర్చున్నాను గానీ, ఇంకా చేతులు రావడం లేదు.

నేను రాసింది మాత్రం ఇది. "గురుకులం వద్దు. కాన్వెంటులోనే ఉండు. నేను ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంటాను. రమ్మని అడగవద్దు." ఆమె చెబుతూ ఉంటే, ఆమె ఎదురుగానే, ఆమె ముఖం చూస్తూ ఇంకో ఉత్తరం రాశాను. "రాసినావా మా?" అని మధ్యలో అడిగింది. "ఆఁ, చెప్పు" అన్నాను. తర్వాత ఆమె బొటనవేలికి సిరా పులిమాను. ఆమె నొక్కింది, ఎప్పటికంటే గట్టిగా.

ఎందుకు రాశాను? ఉద్యోగం పోతుందని. అది నిజమే, కానీ అంత చిన్న సంగతికి మనిషి ఇలాంటి పని చేస్తుందా? టైపు కొడతారన్న మాటకు ఒళ్ళు మండి రాశానా? నాకు రానిది దాని కూతురికెందుకు రావాలని రాశానా? ఒక్కో రోజు ఒక్కో జవాబు దొరుకుతుంది. మూడూ కలిపినా ఆ నాలుగు ముక్కలకు సరిపోవడం లేదు. అంతకంటే చెడ్డది ఏదో నాలో ఉంది, దానికి నాకు పేరు తెలియదు.

జూలై మొదట్లో నాగవేణి జవాబు వచ్చింది. "నువ్వు చెప్పినట్టే కాన్వెంటులో ఉన్నానమ్మా. గురుకులం సార్లు రెండుసార్లు కబురు చేశారు. మామ వద్దన్నాడు. నువ్వు రెండేళ్ళు రానని రాశావు. నేను ఏడవలేదు." ఇది నేను ఓబులమ్మకు ఎలా చదివి వినిపించానో తెలుసా? మన ఉత్తరం ఆలస్యంగా చేరింది, సీటు వేరేవాళ్ళకు ఇచ్చేశారు, కాన్వెంటులోనే ఉన్నాను, ఫీజు కట్టాలి, ఇప్పుడే రావద్దు. ఏడవలేదన్న మాట ఒక్కటే ఉన్నదున్నట్టు చదివాను. అది వినగానే ఓబులమ్మ ఏడ్చింది.

ఆ తర్వాత మామాకు ఫోన్ చేయించింది, పాస్‌పోర్టు ఇప్పుడే వద్దని. ఆ నంబరు కూడా నేనే తిప్పాను.

జూలై ఆఖరుకు ఇంట్లో ఉండాల్సిన మనిషి ఆగస్టు రెండో తేదీ పొద్దున మా వంటింట్లో చపాతీలు చేస్తోంది. బయట తుపాకుల మోత. ఇరాకీ సైన్యం వచ్చేసింది. పాప చెవులు తన చేతులతో మూసి, బాత్రూములో గోడకు ఆనుకుని కూర్చుంది ఓబులమ్మ. నా పాప చెవులు. ఆ తర్వాత మూడు వారాలు ఖుబ్బూస్ కోసం వరసలో ఆమే నిలబడింది. రొట్టె ముందు పాపకు, తర్వాత మాకు, మిగిలితే తనకు.

ఆగస్టు చివర్లో మనవాళ్ళకు బస్సులు ఏర్పాటు చేస్తున్నారని తెలిసింది. బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాన్ దాకా వెళ్తే అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి. ఆయన మా అందరికీ, ఓబులమ్మకు కూడా సీట్లు రాయించారు. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. "ఫీజూ లేదు, గీజూ లేదు, నా బిడ్డ మొగం చూస్తే చాలుమా" అంది.

నేను సర్దుతున్న సంచీ పక్కన పెట్టేశాను. కూతురి ముఖం చూస్తుంది. కూతురు అడుగుతుంది, ఎందుకు వద్దన్నావమ్మా అని. ఆ పిల్ల ఉత్తరం తెచ్చి చూపిస్తుంది. నా చేతిరాత, ఆమె వేలిముద్ర. ఊరు ఊరంతా చదువుతుంది. బయట ట్యాంకులు తిరుగుతున్నాయి, మందులు లేవు, నీళ్ళు లేవు. నాకు వాటన్నిటికంటే ఆ కాగితం అంటేనే ఎక్కువ భయం వేసింది. నమ్ముతారా?

"పాస్‌పోర్టు లేకుండా ఎట్ల పోయేదిమా?" అని అడిగింది. పాస్‌పోర్టు లేనివాళ్ళకు మన ఎంబసీవాళ్ళు ఒక కాగితం రాసి ఇస్తున్నారని, దాంతో పంపిస్తున్నారని ఆయన ముందు రోజే నాతో చెప్పారు. ఆ సంగతి నాకు తెలుసు. మీకు చెబుతున్నాను, నాకు తెలుసు.

"జహ్రా వెళ్ళి తెచ్చుకో" అన్నాను.

మామా వాళ్ళు సౌదీకి పారిపోయారని మేం విని ఉన్నాం. ఇంట్లో పనివాళ్ళెవరైనా మిగిలి ఉంటారులే అని ఆమే ధైర్యం చెప్పుకుంది. అటు వెళ్తున్న ఒక నిజామాబాద్ డ్రైవరు తన పికప్‌లో ఎక్కించుకున్నాడు. వెళ్ళేముందు పాపను ముద్దు పెట్టుకుని, "సాయంత్రానికొస్తా. నా సీటు ఎవురికీ ఇయ్యొద్దు మా" అంది.

సాయంత్రానికి రాలేదు. తెల్లారింది. బస్సు దగ్గర ఆయన నసిగారు. "రెండు రోజుల్లో ఇంకో బస్సుందట. ఆగుదామా? ఆమెను వదిలి ఎలా పోతాం?"

"పాపకు జ్వరం" అన్నాను.

ఆయన పాప ఒంటి మీద చెయ్యి వేయబోయారు. నేను పాపను చీరకొంగులో చుట్టేసుకుని బస్సెక్కాను. జ్వరం లేదు. ఆ వేడి పొద్దున పాప ఒళ్ళు నా ఒంటికంటే చల్లగా ఉంది. కిటికీ దగ్గర ఖాళీగా ఉన్న సీట్లో మా సంచీ పెట్టాను.

ఓబులమ్మ ఊరు చేరలేదు. యుద్ధం ముగిశాక, మేం మళ్ళీ కువైట్ వచ్చాక, ఆయన జహ్రా వెళ్ళి అడిగారు. ఇల్లు కాలిపోయి ఉందట. ఆ డ్రైవరు కూడా దొరకలేదు. "మనం ఏం చేయగలిగాం, పాపకు జ్వరం కదా" అని ఆయన ఇప్పటికీ నన్ను ఓదారుస్తారు. ఆయన ఓదార్చినప్పుడల్లా నాకు గోడకు తల బాదుకోవాలనిపిస్తుంది. బాదుకోను. టీ పెడతాను.

పోయిన వారం, నేను మళ్ళీ చేరిన ఆ పాత ఆఫీసు పెట్టెలో ఒక ఉత్తరం. కవరు మీది రాత చూసి నేనే రాసి మర్చిపోయానేమో అనుకున్నాను. 'మ' కొమ్మును నేను కొంచెం పొడుగ్గా పైకి లాగి రాస్తాను. చిన్నప్పటి అలవాటు. కవరు మీద కూడా 'మ' అలాగే ఉంది.

నాగవేణి రాసింది. పదిహేనేళ్ళు ఇప్పుడు. డబ్బు రావడం ఆగిపోయిన ఏడే కాన్వెంటు మాన్పించారు. గురుకులం వాళ్ళు అప్పుడిక చేర్చుకోలేదు. బండలు కోసే ఫ్యాక్టరీలో పాలిష్ పని చేస్తోంది. చదువు మానేశాక చేతిరాత పోకుండా, అమ్మ ఉత్తరాలు ఎదురుగా పెట్టుకుని రోజూ చూసి రాసేదట. అవి అమ్మ చేత్తో రాసినవి కావని దానికి తెలుసు. అయినా అవి అమ్మ మాటలు కదా అని.

ఒక్కటే అడిగింది. "పరీక్ష రోజు అమ్మ అక్కడ ఉపవాసం ఉన్నానని రాయించింది. మరి సీటు వస్తే ఎందుకు వద్దంది మేడమ్? నా మీద కోపం వచ్చిందా? మీ దగ్గరే కూర్చుని చెప్పి ఉంటుంది కదా, మీకు గుర్తుందా?"

గుర్తుంది.

ఆ పిల్లకు జవాబు రాస్తానా? రాస్తానని మీకు మాట ఇవ్వలేను. నా మాట ఎంత విలువైనదో మీరు చూశారు. క్షమించమని కూడా అడగను. ఎవరు క్షమించాలి? క్షమించాల్సిన మనిషిని నేనే పికప్ ఎక్కించాను. ఇక్కడిదాకా రాశాక గుండె మీద ఏదో కొంచెం కదిలింది. అంతే. దిగలేదు.

ఆ రోజు ఓబులమ్మ చెప్పినది ఇది. ఒక్క అక్షరం మార్చకుండా ఇప్పుడు రాస్తున్నాను.

"పాపా, నువ్వు ఆ సర్కారు బళ్ళోనే చేరు. ఎవురేం చెప్పినా ఇనొద్దు. అది నువ్వు రాసి గెల్చుకున్న సీటు, మీయమ్మ కొనిచ్చింది కాదు. నేనొస్తా ఉండా. నేనొచ్చే దాకా జడ నువ్వే ఏసుకో."