గడీ ముందు చప్పుడు

సౌదీలోని రాబిగ్‌లో వెల్డింగ్ పని చేసే స్వామికి ఒక పాడు అలవాటు. ముదీర్, అంటే మేనేజరు, కారు దిగితే చాలు, సేఫ్టీ బూట్లు విప్పి పక్కన పెట్టి, కాలే ఇసుకలో వట్టి కాళ్లతో నిలబడతాడు. ఊళ్లో దొరకు వెట్టి చేసిన తాత నేర్పిన మర్యాద అది. సేఫ్టీ ఆఫీసరు ఎంత తిట్టినా పోలేదు.

ఒక శుక్రవారం రూమ్మేట్ నెహెమ్యా అమెరికా సంగతి చెప్పాడు. బానిసత్వం ఉండాలా వద్దా అని ఆ దేశం రెండుగా చీలి కొట్టుకుందట. బానిసలకు విడుదల వచ్చింది. అయినా తెల్లవాడు ఎదురైతే వాళ్లు బాట దిగి నిలబడాల్సి వచ్చేదట.

"చట్టం కాగితం మీదికి వచ్చేసింది. బాట మీదికి రావడానికే ఏళ్లు పట్టింది స్వామీ" అన్నాడు నెహెమ్యా.

మర్నాడు ముదీర్ కారు ఆగింది. స్వామి చేతులు లేసుల దాకా పోయి ఆగిపోయాయి. నడుం నిటారుగా చేసి, బూట్లతోనే నిలబడ్డాడు. ముదీర్ సలాం చెప్పి, పైపులు చూసుకుంటూ వెళ్లిపోయాడు. ఆ కాళ్ల వంక చూడనైనా లేదు.

మధ్యాహ్నం స్వామి తల్లి పోశమ్మకు ఫోన్ చేశాడు. పాడుబడ్డ దొర గడీ ముందు ఆమె ఇప్పటికీ చెప్పులు చేతపట్టుకునే నడుస్తుంది.

"అమ్మా, రేపటి సంది చెప్పులేసుకొనే పో."

"రేపటిదాకా ఎందుకురా" అంది పోశమ్మ. "ఫోన్ పెట్టకు, ఇప్పుడే పోతున్న. చప్పుడు నువ్వు గూడ ఇను."