ఏడు జట్ల రాళ్ళు

తొంభైల చివరి ఆ రోజుల్లో నాకు అర్థం కాని విషయమంటూ లోకంలో ఒకటి ఉంటుందనే అనుమానమైనా ఉండేది కాదు. చర్చావేదికల మీద దేవుణ్ణి మూడుసార్లు ఓడించి (ఆయన ఒక్కసారీ హాజరు కాలేదు) ఉద్యోగంలో చేరిన వయసు. పెనుకొండ దగ్గర ఒక పల్లె హైస్కూల్లో సైన్సు అయివారుగా వేశారు. బడి వెనక అర ఎకరంలో ఒకప్పుడెవరో పెంచిన వేప, కానుగ, సీతాఫలం చెట్లు ముళ్ళకంపలో మునిగిపోయి ఉన్నాయి. దాన్ని బాగుచేసి, పాఠాలు చెట్ల కిందే చెప్పాలని నా పట్టుదల. నేను ధర్మవరంలో మగ్గాల మధ్య పెరిగినవాణ్ణి. చీర అంచు మీది మామిడిపిందె తప్ప చెట్టూచేమా నాకు పెద్దగా తెలియవు. అది వేరే సంగతి.

పెద్దసారుకు ఆ స్థలంలో సైకిల్ షెడ్డు వేయించాలని ఉండేది. తనిఖీ వచ్చేలోపు అక్కడ పచ్చగా ఏమైనా నిలబడితే నాది, లేకుంటే షెడ్డు అని తేల్చేశాడు. ఎనిమిదో తరగతి పిల్లలూ నేనూ కంప కొట్టి మొక్కలు నాటాం. మేకలు మేశాయి. మళ్ళీ నాటాం, మళ్ళీ మేశాయి. ఆ మేకల్ని మేపే ముసలమ్మ, ఊరంతా మేకలవ్వ అనే ఆమె ఇంటికి వెళ్ళి ప్రకృతి సమతుల్యం గురించి అరగంట ఉపన్యసించాను. ఆమె ఓపికగా విని, "మేకలకు చెప్పు నాయనా, నాకెందుకు" అంది.

ఆ వారమే పిల్లల్ని ఏడు జట్లు చేసి, ఏ జట్టు ఎక్కడ కూర్చోవాలో తెలియడానికి వేపచెట్టు కింద ఏడు రాళ్ళు వరసగా పాతించాను. గడ్డిలో కనబడాలని సున్నం పూయించి, జట్టు నంబరు తెలిసేలా మొదటిదానికి ఎర్రమన్నుతో ఒక గీత, రెండోదానికి రెండు, అలా ఏడు దాకా గీయించాను. ఎంత శాస్త్రీయంగా ఉందో అని మురిసిపోయాను.

మర్నాటి నుంచి మేకలు రాలేదు. మొక్కలు చిగుళ్ళు వేశాయి. నా ఉపన్యాసం ఆలస్యంగా పనిచేసిందనుకున్నాను (అలాంటి అనుభవం నాకు అదే మొదలు, అదే చివర). పిల్లలు మాత్రం రాళ్ళకు బారెడు దూరంలో కూర్చుంటున్నారు, చెప్పులు బయటే విడుస్తున్నారు. క్రమశిక్షణ అనుకున్నాను. ఒకరోజు రాళ్ళ మీద మేం గీసిన గీతలు కాక వేరే ఎర్రటి మచ్చలు కనబడ్డాయి. సున్నానికి పసుపు తగిలితే ఎర్రబడుతుందని చక్కగా పాఠం చెప్పాను. ఆ పసుపు ఎక్కణ్ణుంచి వచ్చిందని మాత్రం నాకు తోచలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం ఎండకు అలిసి నేనే నాలుగో రాయి మీద కూర్చున్నాను. కంచె అవతల మేకలవ్వ ఆగిపోయింది.

"లెయ్యి అయివారూ. అక్కమ్మగార్ల మీద కూకుంటావేమప్పా?"

ఎవరి మీద అని అడిగాను.

"ఏడుగురు అక్కచెల్లెండ్లను యాప చెట్టు కింద నువ్వే నిలబెట్టి, నన్నడుగుతాండావా? దేవుడు లేడంటాండే మనిషికే అమ్మగార్లు కల్లోకొచ్చినారని ఊరంతా అనుకుంటాండారు. అందుకే గదా నా మేకల్ని ఈడికి రానీలే."

అవి జట్టు నంబర్లవ్వా అనడానికి నోరు తెరిచాను. పక్కనే కానుగ చిగుళ్ళు కనబడ్డాయి. తనిఖీకి ఇంకా నాలుగు రోజులుంది. నోరు మూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను వాదించకుండా వదిలేసిన మొదటి అంశం అదే.

తనిఖీకి వచ్చిన అధికారి రాళ్ళను దూరం నుంచే చూసి బూట్లు విప్పాడు. పిల్లలు ఆకుల గురించి చెప్పింది విని సంతోషించాడు. ఆయన వెళ్ళాక షెడ్డు మాటేమిటని పెద్దసారును అడగబోయాను. "ఆడ షెడ్డు ఎట్ల కడతాం? నీకింత భక్తి ఉండాదని ముందే చెప్పకూడదా" అన్నాడు. తల ఊపాను. నిలువుగా ఊపానో అడ్డంగా ఊపానో ఇప్పటికీ గుర్తులేదు.

తర్వాత మూఢనమ్మకాల మీద చాలా వ్యాసాలు, చాలా కోపంగా రాశాను. ఈ సంగతి ఒక్కదాంట్లోనూ రాయలేదు. మొన్న హిందూపురం వెళ్తూ దారిలో దిగి చూశాను. చెట్ల కింద పాఠం నడుస్తోంది. రాళ్ళకు కొత్త సున్నం, గీతలు ఒకటి నుంచి ఏడు దాకా, లెక్క తప్పలేదు. ఎందుకలా గీశారని ఒక పాపను అడిగితే, "మొదట్నుంచీ అట్లే సార్" అంది. ఇన్నేళ్ళకైనా నిజం చెప్పేద్దామని ఒక అడుగు ముందుకు వేశాను. అరికాలికి మట్టి చల్లగా తగిలింది. చెప్పులు ఎప్పుడు విడిచానో, గేటు దగ్గరే ఉన్నాయి.